కాలేషా ఎడమ చెవి

చీమకుర్తి క్వారీలో ఇరవై మూడేళ్లు
జాక్‌హ్యామర్ పట్టాను.
నల్లరాయిలో చుక్కలు మెరుస్తాయని
ఎక్కడెక్కడివాళ్లో కొనుక్కుపోయేవాళ్లు.
నాకు మాత్రం ఆ కొండ
చెవిలో ఒక కీచురాయిని వదిలిపెట్టింది.
రాత్రనక పగలనక దానిది ఒకటే రొద.
దాని వెనకాల లోకం
పెదాలు కదుపుతూ నిలబడేది.

ఒంగోలు కర్నూలు రోడ్డులో
మందుల షాపు పైన, మేడ మీద
గాజుగదిలో కూర్చోబెట్టింది కెజియా అనే పిల్ల.
కూత వినిపిస్తే మీట నొక్కాలంట.
మూడుసార్లు నేను కీచురాయికే నొక్కాను.

గీతలు గీసి చూపించింది.
ఎడమ గీత మెట్లు దిగినట్టు దిగింది.
కుడి గీత బావిలో దూకింది.
"కుడిదానికి మిషన్ పెట్టినా డబ్బు దండగ, బాబాయ్"
అని కాగితం మీద రాసిచ్చింది.
అమ్మేవాళ్లు అలా రాసివ్వడం
నేనెక్కడా చూళ్లేదు.

మూడువేలది మా తమ్ముడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు, పోయినేడు.
చొక్కా గరగరని, ఫ్యాను గాలిని, పళ్లెం మోతని
అన్నిటినీ ఎత్తి నెత్తిన పెట్టి
మాటని మాత్రం కిందే వదిలేసేది.
చెయ్యి దగ్గరికొస్తే ఈలేసేది.
కెజియా బల్ల మీద పరిచినవాటిలో
చింతగింజంతది ఒకటుంది, లక్షా పదివేలు.
ముట్టుకుంటేనే వాయిదా మొదలవుతుందేమోనని
చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

చెవి వెనక కూర్చునే బూడిదరంగుది
పద్దెనిమిదిన్నర.
పదహారుకడిగాను. పదిహేడు దగ్గర తెగింది,
ఆరు వాయిదాలు, రెండు డబ్బాల బ్యాటరీలు ఊరికే.
"ఫోన్‌తో కలుస్తుందో లేదో చూసి డబ్బు కట్టండి" అంది.
అద్దం చిట్లిన నా ఫోను
మొదటిసారి దాన్ని గుర్తుపట్టలా.
రెండోసారి పోయి
కింద షాపువాడి స్పీకరుకి అతుక్కుంది.
ఆపి, తీసి, మళ్లీ వేస్తే
తెర మీద మొలిచింది:
కాలేషా ఎడమ చెవి. కనెక్ట్ అయింది.
నా ఒంట్లో ఒక ముక్కకి
బ్యాటరీ డెబ్బై రెండు శాతం.

బస్సులోనే టింగుమని మోగింది,
నెత్తి లోపలే:
మొదటి వాయిదా కబురు.

ఇంటికొస్తే మీరాబీ గేటు దగ్గరే అరిచింది,
"ఏందయ్యా, ఇనపడతందా?"
చెవి పట్టుకుని రెండడుగులు వెనక్కేశాను.
మెల్లగా మాట్టాడు, అన్నాను.
ప్రయత్నించింది పాపం.
పదకొండేళ్లు నాకోసం పెంచిన గొంతు
దించబోతే మధ్యలో పగిలి దగ్గొచ్చింది.
ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వు రాలా.

కెజియా ఇంకోటి నేర్పింది.
ఫోనెక్కడ పెడితే నా చెవి అక్కడుంటుందంట.
టీవీ దగ్గర పెట్టుకోమంది.
నేను దాన్ని చార్జింగుకని పెట్టి
పొయ్యిగట్టు మీద మరిచిపోయి
(మరిచానా? ఏమో)
వాకిట్లో మంచం మీద కూర్చున్నాను.

పప్పులో గరిటె తిరిగే చప్పుడొచ్చింది.
దాని వెనక ఒక ఆడగొంతు, ఎవరిదో,
బియ్యంలో రాళ్లేరుతున్నంత నెమ్మదిగా:
"పదిహేడేలంట... పోన్లే...
ఇంక అరవక్కర్లా.
ఏం మాట్టాడాలో మరి, ఇనే మడిసితో."

చుట్టాలెవరో వచ్చారనుకుని లేచి తొంగిచూశాను.
ఆమె ఒక్కతే ఉంది. వీపు నావైపు.

దొంగతనం చేసినవాడిలా లోపలికెళ్లాను.
"ఏం కావాల?" అరిచింది.
ఉప్పు, అన్నాను.
ఉప్పు డబ్బా చేతిలోనే పెట్టుకుని
ఆమె నా ఎడమకొచ్చేలా పీట వాల్చుకున్నాను.
ఇందాకటిలా చెప్పు, అన్నాను.

గరిటె ఆగింది.
నన్ను చూసింది, గట్టు మీద ఫోన్ని చూసింది.
"ఏ ఇందాక?" అంది.
అరవలా.

పప్పు అడుగంటుతోంది.
ఆ సన్న చిటపట
నాకే ముందు వినపడింది.