నొక్కి వదిలేది

మొగల్తూరు రోడ్డులో నా కొట్టుకి
రొయ్యల చెరువుల వాళ్ళే బేరం.
ఏరియేటర్లకి స్టార్టరు పెట్టెలు బిగిస్తాను.
పచ్చది నొక్కితే చెరువుకి ఊపిరి,
ఎర్రది నొక్కితే నీళ్ళకి నిద్ర.
అర్ధరాత్రి వానలో, బురద చేత్తో
తడుముకుని గుద్దే బొత్తాలవి.
వాటికి మర్యాదలు తెలీవు.

అలాంటి నా బల్ల మీద
లేసు డిజైన్లు గీసే సువార్తమ్మ గారు
ఓ కంప్యూటరు పెట్టె దింపించింది.
రేకుది కాదు. గాలివానకి ఒరిగిన
ముదురు కొబ్బరిమాను చీల్పించి చేయించిందట.
గాలాడ్డానికి పక్కల్లో ఇత్తడి జాలీ,
జాలీ నిండా ఆవిడ సూది పువ్వులే.

"రెండు బొత్తాలు పెట్టు రత్నాజీ.
ఒకటి లేపడానికి, ఒకటి మొండికేస్తే మొట్టడానికి.
ముప్ఫై ఏళ్ళు సూది తిప్పిన బొటనవేలిది,
గట్టిదైతే నొక్కలేను.
మరీ మెత్తనైతే నొక్కానో లేదో తెలీదు."

పాత పేపరు పరిచి
నా దగ్గరున్నవన్నీ పోశాను.
పన్నెండు మిల్లీమీటర్లవి, పదహారువి,
ఇరవై రెండు, అది మరీ వడియమంత.
కళ్ళు మూసుకుని ఒక్కోటీ నొక్కింది.
"ఇది బల్లి పలికినట్టుంది."
"ఇది అలిగి వేసుకున్న గడియ."
"దీన్లో ఇసక పడిందేంటయ్యా?"
స్టీలుది, పదహారుది, చుట్టూ దీపపు గీత ఉన్నది
రెండుసార్లు నొక్కి ఊరుకుంది.
సూదికొక్కేనికి దారం చిక్కినప్పుడు
వేలికి సరిగ్గా ఇలాగే తెలుస్తుందట.

కొబ్బరి చెక్క పైకి ఇనుము, లోపల పీచు.
బెజ్జం పడింది గానీ
చెక్క మందం, స్విచ్చు మెడ పొట్టి,
వెనకాల నట్టుకి మర అందదు.
లోపలివైపు ఉలితో గుంట తవ్వి
గంటన్నర పొట్టు ఊదుకున్నాను.

ఇక తీగలు. నా చేతికి అలవాటైనవి
చిటికెన వేలంత కేబుళ్ళు.
ఇవి వెంట్రుకలు.
బోర్డు మూల తొమ్మిది సూదులు, ఆవగింజలకి ముళ్ళు మొలిచినట్టు.
స్విచ్చు తీగలకి ఎటు పెట్టినా పేచీ లేదు.
దీపానికే పట్టింపు,
ప్లస్సు తప్పితే ముఖం చూపించదు.
టంకం పెట్టి, గొట్టం తొడిగి, లైటరుతో సెగ చూపించి,
"నొక్కండమ్మా" అన్నాను.

దీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది.
ఆవిడ చప్పట్లు కొట్టబోయింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
చచ్చింది.

మళ్ళీ నొక్కాం. మళ్ళీ నాలుగంకెల ఆయుష్షు.
కరెంటు చూశాను, మెమరీ ముక్క పీకి గుచ్చాను,
కంపెనీని తిట్టాను, ఉప్పుగాలిని తిట్టాను.
రెండు టీలయ్యాక ఆవిడే వేలితో స్విచ్చు తడిమి
"ఇది నొక్కింది నొక్కినట్టే ఉండిపోయిందేమో చూడు" అంది.

వెంట్రుకవాసి లోపలికే ఉంది.
ఒకే పొట్లం, ఒకే మెరుపు,
నేను బిగించింది పట్టుకుని ఉండిపోయే రకం.
ఆ మిషనుకి చాలింది ఒక్క తాకుడు.
వదలకపోతే
పొమ్మంటున్నారనుకుంటుంది.

సిగ్గేసింది.
ఇరవై ఏళ్ళుగా నా స్టార్టర్లలో జరిగేదీ అదే కదా.
వేలు వదిలేస్తుంది, లోపల కాంటాక్టరు పట్టుకుంటుంది.
తెలిసిన పాఠమే,
పెట్టె మారేసరికి గుర్తుపట్టలేదు.

మార్చాను. తప్పు నాది కనుక
ఆ స్విచ్చు డబ్బు లెక్కలో వెయ్యలేదు.
రెండో బొత్తాం వెనక్కి పెట్టించుకుంది,
మనవరాలి చెయ్యి అందకుండా.
దీపపు గీత చుట్టూ పురుగులు మూగుతున్నాయని
మర్నాడు తెల్లదారంతో చిన్న గాజంత అల్లి అంటించింది.
బాగుందో లేదో అడిగితే
"గాలాడుతుందిలెండి" అన్నాను.

ఆ రాత్రే ఫోను. రొయ్య పైకి తేలుతోందని.
టార్చి పళ్ళ మధ్య కరిచిపట్టి,
పెట్టె మూత తీసి, పచ్చది నొక్కాను.
వేలు తీసేశాకే
నీళ్ళ మీద రెక్కల చప్పుడు మొదలైంది.