నాలుగు వేళ్ళు ఎక్కువ

ఖొరోగ్‌లో తెల్లారకముందే ఎక్కించారు దాన్ని
జీపు నెత్తిన, వెల్లకిలా.
పాప్లార్ చెక్క తలుపు. రంగు వెయ్యలేదు,
గడియకి కన్నం మాత్రం తొలిచారు.
"ముందు సీటు నీది," అన్నాడు నజరమమద్,
"దాని టికెట్టు నాది."

గుంట్ నది వెంట చాలాసేపు
చెట్లు మాతోపాటే వచ్చాయి.
కప్పుల మీద ఆప్రికాట్లు ఆరుతున్నాయి.
ఒక మలుపులో చివరి విల్లో పొద ఆగిపోయింది
ఇక నావల్ల కాదన్నట్టు.
అక్కణ్ణుంచి రాయి, రాయి మీద రాయి,
రాయి కింద నీళ్ళ చప్పుడు.

చెక్‌పోస్టులో కుర్ర సిపాయి
నా పాస్‌పోర్టుకన్నా తలుపునే ఎక్కువసేపు చూశాడు.
బంపరెక్కి వేలిమడతతో రెండుసార్లు తట్టాడు.
"లోపల ఎవరూ లేరు," అన్నాడు నజరమమద్.
సిపాయి నవ్వకుండా ముద్ర వేశాడు,
గేటు ఎత్తాక నవ్వాడు.

కోయ్‌తెజెక్ కనుమ ఎక్కుతుంటే
ఇంజను దగ్గింది, నేనూ దగ్గాను.
నా గోళ్ళు నేరేడు రంగుకి తిరిగాయి.
వెల్లుల్లి రెబ్బ ఒకటి చేతిలో పెట్టి
"నమలు. మాట్లాడకు. నేను మాట్లాడతా," అన్నాడు.

ఆరేళ్ళ కిందట, ఫిబ్రవరి.
అలిచుర్ మైదానంలో గాలి దారిని చెరిపేసింది.
డీజిలు నెయ్యిలా పేరుకుంది.
బండిలో ఐదుగురు, అందులో ఒక చంటిది.
దూరంగా ఒక్క కిటికీ వెలుగు. అటు నడిచారు.
కిర్గిజ్ ఆవిడ, బురుల్, ఒక్కర్తే.
పిడకలు సగం రాత్రికే అయిపోయాయి,
తెరెస్కెన్ పొద వేళ్ళు మూడో ఝాముకి.
"అప్పుడు లేచింది. మమ్మల్ని ఏమీ అడగలేదు.
మడతబందులు ఊడదీసి, గుమ్మానికి కంబళి కట్టి,
తలుపుని గొడ్డలితో నరికింది.
గడియ మాత్రం తీసి జేబులో వేసుకుంది."

కాసేపు గేర్లతోనే మాట్లాడాడు.
"ఆ చంటిది ఎవరి పిల్లో నాకు తెలీదు.
ముర్గాబ్‌లో దిగి వెళ్ళిపోయారు."
మరి ఆరేళ్ళెందుకు పట్టింది?
మాట్లాడొద్దన్నా అడిగాను.
"చెక్క దొరికినప్పుడు డబ్బు లేదు.
డబ్బున్నప్పుడు చెక్క లేదు.
రెండూ ఉన్న ఏడాది సిగ్గేసింది."

మైదానంలో చైనా లారీలు
దుమ్ములోంచి పుట్టి దుమ్ములోకే పోతున్నాయి.
కుదుపు కుదుపుకీ నెత్తిమీద తలుపు కొట్టుకుంటోంది,
మేం లోపలున్నామో బయటున్నామో తెలియనిచోట.

బురుల్ యాక్ పాలు పితుకుతోంది. లేవలేదు.
పని ముగించి, చేతులు తుడుచుకుని వచ్చి
తలుపుని జానలతో కొలిచింది.
"నాలుగు వేళ్ళు ఎక్కువ."
అంతే. కుశలం లేదు, కన్నీళ్ళు లేవు.
"గుర్తున్న కొలతే తెచ్చాను," గొణిగాడతను.
"ఆ రాత్రి నువ్వు కూర్చుని చూశావు.
కూర్చున్నవాళ్ళకి తలుపు పొడుగ్గానే కనిపిస్తుంది."

రంపం పక్కింటినుంచి వచ్చింది.
పక్కిల్లంటే రెండు కిలోమీటర్లు.
నేనొక చివర పట్టుకున్నాను.
పొట్టు గాలికి పోకుండా ఆవిడ తలగుడ్డ పరిచింది.
పాత గడియ పిండి డబ్బాలోంచి బయటికొచ్చి
కన్నంలో సరిగ్గా కూర్చుంది.
ఆ ఒక్క కొలతా ఎలా కుదిరిందో ఎవరూ అడగలేదు.

తెగిన నాలుగు వేళ్ళ చెక్కతో టీ పెట్టింది.
ఉప్పు, వెన్న, ఇందాకటి పాలు.
తలుపు వేసి చూసింది, తీసింది, మళ్ళీ వేసింది.
గోడ అవతల గాలి ఎవరింటికో వెళ్ళినట్టుంది.

చెక్క చిన్నది. నీళ్ళు సగం కాగేసరికే అయిపోయింది.
పిడకల కోసం ఆవిడ లేచింది,
తలుపు తీసుకుని.