ఉప్పు, బొగ్గు, ఒక తీగె

చలికాలం రాత్రి దీపం ఆర్పినంక
తాత గొంగడి దులిపితే
చిటచిటమని నీలం రవ్వలు రాలేటివి.
గొర్ల దొడ్డి పక్కన పండుకొని
పట్టుకుందామని చెయ్యి జాపెటోన్ని.
"ఉన్నిల ఉడుకు దాగుంటదిరా" అనెటోడు.
అంతకు మించి ఆయనకు తెల్వదు,
నాకు అక్కెర లేకుండె.

ఇప్పుడు మక్తల్ బస్టాండు ఎనుక
జహంగీర్ ఉస్తాద్ దుకాణంల
బోరు మోటర్ల బోర్డులు బాగుచేస్త.

పుష్యమాసం. గాలిల తడి లేదు.
పెదవులు పగిలినయి, మడిమెలు పగిలినయి.
పాలిస్టర్ స్వెటర్ తల మీదికెళ్ళి గుంజి పారేసి
అదే చేతులతోని
ఊట్కూరు అంజిలప్ప బోర్డుకు కొత్త చిప్పు ఏసిన.
చప్పుడు లేదు, పొగ లేదు, వాసన లేదు.
పచ్చలైటు ఎలిగింది.
మూడొందలు మడిచి జేబుల వెట్టుకున్న.

ఇరవై రెండో దినం అంజిలప్ప వచ్చిండు.
కొట్లాడ రాలే. గదే నాకు కష్టమైంది.
బోర్డు బల్ల మీద వెట్టి, నిలవడే చెప్పిండు:
పల్లి ఊడలు దిగే ఏళకు
నాలుగు దినాలు నీళ్ళు ఆగినయంట.
నేల గట్టివడి
ఊడలు మట్టి మీదనే ఎండినయంట.

ఉస్తాద్ అద్దం కింద వెట్టి చూసిండు.
"పైన ఏం కనవడది.
లోపల, వెంట్రుక కంటె ఎన్నో వంతులు సన్నం ఉన్నకాడ
కాలింది.
నువ్వు ముట్టిన దినమే సగం సచ్చింది ఇది.
మిగిలిన సగంతోని ఇన్ని దినాలు నడిచింది."

"నాకు చురుక్కు గూడ అనలే ఉస్తాద్!"

"నీకు అనాలంటె మూడు వేల వోల్టులు గావాలె.
దానికి వంద చాలు."

దుకాణం ఎనుక రెండు దినాలు గుంత తవ్విన.
మొరం. గడ్డపార మొన వంగింది.
అడుగున రాగి పలక,
దాని మీద ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు,
మళ్ళ బొగ్గు, మళ్ళ ఉప్పు,
నీళ్ళు పోయనీకి ఒక పైపు.
ఆడికెళ్ళి తీగె కిటికీల నుంచి వచ్చి
బల్ల మీది నల్ల చాపకు, చాప నుంచి నా మణికట్టుకు.
నడుమ చిన్న రెసిస్టర్.
"గిదెందుకు? సీదా కలిపితే అయితది గద?"
"అరే, కరెంటు తాకితే
నువ్వు గూడ బతకాలె గద!"

గప్పటిసంది
కూసునే ముంగట షట్టర్ ఇనుము ముడుత,
ఉస్తాద్ దర్గా గడప ముట్టినట్టు.
బోర్డును అంచులు వట్టి లేపుత.
చిప్పులు నల్ల స్పాంజిల గుచ్చి ఉంటయి.
థర్మకోల్ గిలాసల చాయ్ బల్ల దిక్కు రానియ్య.
కొత్తగ వచ్చిన శరణప్ప నవ్వుతడు:
"తాయెత్తా అన్నా, దిష్టికా?"
అవునంటే అవును.
కండ్లకు కనవడనిదే గద ఇదీ.

మాఘం ఆఖర్ల అంజిలప్ప మళ్ళ వచ్చిండు.
బోర్డుకు నేను పైసలు తీసుకోలేదని
సంచిల పల్లికాయ తెచ్చిండు.
పది ఒలిస్తె నాలుగు లొట్టలు.
ఆయన ఏం అనలే. నేను అన్నీ ఒలిచిన,
లొట్టలు గూడ.

ఎర్ర పొట్టు స్వెటర్ చేతులకు అంటుకుంది,
దులిపితే రాలది,
ఊదితే లేసి మళ్ళ అంటుకుంటది.

లేసి షట్టర్ ముట్టిన.
బిందె తీసుకొని గుంత కాడికి వోయిన.
పైపుల నీళ్ళు పోస్తుంటె
గుటక గుటకగ
తాగుతున్నది నేల.