భుజం మార్చుకునే మెట్టు

మొదటి వారం నాంచారయ్య సారు
ఇనుప కుర్చీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి
"కుర్చీని గీయొద్దు" అన్నారు.
కాళ్ళ మధ్య గాలిని గీయాలట.
కడ్డీకీ కడ్డీకీ నడుమ
ఇరుక్కున్న గోడని గీయాలట.
మూడు గంటలు గాలి కోసం వెతికాను.
నాలుగో గంటలో ఏదో కదిలి
తెల్ల కాగితం మీద
నేను గీయని కుర్చీ వచ్చి కూర్చుంది.

రెండో వారం కొండ.
చిట్టినగర్ సొరంగం అవతల
ఇంటి నెత్తిన ఇల్లెక్కి కూర్చున్న చోట
ఒక మెట్ల దారిని కొలుచుకు రమ్మన్నారు.
ఏప్రిల్. పదిన్నరకే బెజవాడ మూత పెట్టిన ఎసరు.
టేపు ఆ కొస హెప్సిబా, ఈ కొస నేను.

నూట పద్దెనిమిది మెట్లు.
పుస్తకంలో మెట్టు ఎత్తు ఆరంగుళాలు.
ఇక్కడ ఒకటి ఏడు, ఒకటి తొమ్మిది,
ఒకటైతే మరీ మోకాలంత.
ఎర్ర పెన్సిలుతో రాసుకుంటూ పోయాను:
తప్పు. తప్పు. తప్పు.
నలభై మూడో మెట్టు
ఏకంగా రెండున్నర అడుగుల వెడల్పు,
అంచు అరిగి, సబ్బుబిళ్ళలా నున్నగా.
దాని పక్కన రెండు తప్పులు పెట్టాను.

సారు షీటు చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు.
"ఎవరు కట్టారమ్మా ఇది?"
తెలీదన్నాను.
"మరి తప్పని ఎవరు చెప్పారు?"

మళ్ళీ కొండ.
ఈసారి టేపు వద్దు, స్కేలు వద్దు,
పొద్దుగూకేదాకా ఊరికే కూర్చుని రావాలి.
ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని
ఏ సిలబస్‌లోనూ లేదు.
నలభై రెండో మెట్టు మీద నేను.
ఎదురు గుమ్మంలో చింతపిక్కలు తీస్తూ వజ్రమ్మ
"ఏం పారేసుకున్నావే తల్లీ" అంది.

తొమ్మిదింటికి బాజీ వచ్చాడు,
కుడి భుజం మీద గ్యాస్ బండ, పళ్ళ మధ్య రసీదు.
నలభై మూడో మెట్టు మీద దించాడు.
ఖంగుమంది.
రెండు ఊపిర్లు.
ఎడమ భుజానికెత్తుకుని పోయాడు.
తర్వాత నీళ్ళ టిన్నుల కుర్రాడు. అక్కడే.
కాలు విరిగిన కొడుకుని వీపున మోస్తూ ఒకాయన. అక్కడే.
ఎండ ఒక్కటే ఆగకుండా ఎక్కింది.

"మనుషుల్ని దించేటప్పుడూ అంతే"
చేతులు తుడుచుకుంటూ అంది వజ్రమ్మ.
"కొండ మీద దింపుడు కళ్ళం ఇంకెక్కడుంటది?
పాడె ఇక్కడే దించుతారు,
చెవిలో మూడుసార్లు పిలుస్తారు.
మా ఆయన పలకలా.
ఆయన పోసిందేలే ఆ మెట్టు,
రెండు తట్ల సిమెంటు మిగిలిందని."

కొత్త షీటులో మెట్లు వంకరగానే వచ్చాయి.
నలభై మూడు దగ్గర అంకె వేయలేదు.
"ఒక బండ, రెండు ఊపిర్లు" అని రాశాను.
కొలత లేనందుకు రెండు మార్కులు కోశారు సారు.
షీటు మాత్రం తిరిగివ్వలేదు.

ఆ రాత్రి మా వంటింటి గుమ్మం దగ్గర ఆగాను.
ద్వారబంధం మీద, నడుమెత్తున,
ఒక నల్లటి జిడ్డు మరక.
పుట్టినప్పట్నించీ ఉంది.
ఎవరూ తుడవరేంటని ఎన్నిసార్లు విసుక్కున్నానో.
లైటు వేయకుండా
దాని మీద నా చెయ్యి ఆనించి చూశాను.
రెండంగుళాలు వంగితేగానీ
అమ్మ చెయ్యి దొరకలేదు.