తెలుస్తోందా

చీమకుర్తిలో బండ ఎక్కించుకుంటే
కృష్ణపట్నం రేవులో దించేదాకా
ఇరవై ఎనిమిది టన్నుల నల్లరాయి నా వీపు మీదే.
పాత బండిలో ఆ బరువు మాట్లాడేది.
గేరు రాడ్డు అరచేతిలో గుర్రుమనేది,
క్లచ్చు పాదంతో పోట్లాడేది,
వెనక టైరులో గాలి తగ్గితే
నడుముకు ముందు తెలిసేది, కళ్లకు తర్వాత.

పెంచలయ్య ఉండేవాడు, క్లీనరు.
రివర్సు తీసేటప్పుడు డోరు మీద అరచేత్తో
రెండు కొడితే రానీ,
ఒక్కటి కొడితే ఆగు.
రాత్రి కావలి దాటాక నా తల వాలిందా,
తొడ మీద గిచ్చేవాడు.
ఆ నీలం మచ్చకి ఇంట్లో మస్తానమ్మకు
సంజాయిషీ చెప్పుకున్న రోజులున్నాయి.

కొత్త బండి తాళమిస్తా ఓనరన్నాడు:
"తెల్లగీత తొక్కితే స్టీరింగు వణుకుద్ది,
ముందు బండికి దగ్గరైతే సీటు అదురుద్ది.
ఇంక క్లీనరెందుకబ్బయ్యా?"
పెంచలయ్య ఇప్పుడు కొడవలూరు పక్కన
రొయ్యల గుంటలకి కాపలా.

సింగరాయకొండ దగ్గర మొదటిసారి
చక్రం చేతుల్లో జలదరించింది,
గుప్పిట్లో పిట్ట గుండెలా.
ఇండికేటరు వెయ్యకుండా గీత దాటానట. అంతే.
పాపం, దానికి కోపం లేదు, బూతులు రావు.

ఓనరుకి చెప్పనిది ఒకటుంది.
ఒంగోల్లో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని
అరికాలి మీద సన్నటి ప్లాస్టిక్ పోగు ఆనిస్తానంది.
"తెలుస్తోందా?"
"ఆఁ, తెలుస్తోంది."
"ఇంకా పెట్టలేదు" అంది.

సుగరు. ముందు పాదాలట,
తర్వాత చేతులకు పాకుతుందట.
ఇప్పటికి చిటికెన వేళ్లే పోయాయి.
మిగతా ఎనిమిదింటితో
బండి ఏం చెబుతోందో వింటూ తోలుతున్నాను.

మొన్న రాత్రి, ఉలవపాడు ఎప్పుడు దాటానో,
బిట్రగుంట ఎప్పుడొచ్చిందో.
స్టీరింగు ఎంతసేపు వణికిందో నాకు తెలీదు.
సీటు అదిరింది, సరిగ్గా
పాత మచ్చ ఉండే చోట.
ఉలిక్కిపడి "రేయ్ పెంచలా" అన్నాను.
పక్క సీట్లో నీళ్ల బాటిలు.

కొడవలూరు దగ్గర పక్కకు తీసి ఆపాను.
చీకట్లో గుంటల్లో చక్రాలు నీళ్లు చిలుకుతున్నాయి.
ఫోను చేస్తే టార్చి లైటు గట్టు వెంబడి వచ్చింది.
ఏమీ అడగలేదు. బండి చుట్టూ తిరిగాడు,
టైర్లు తన్ని చూశాడు, అలవాటు.
ఆగి ఉన్న బండికి
డోరు మీద ఒక్కటి కొట్టాడు.

స్టీరింగు మీదున్న చేతులకి
అది తెలిసింది.
చిటికెన వేళ్ల సంగతి
చెప్పలేను.