ఈ పొద్దు ఎన్ని బండలు

ఎర్రగుంట్లలో నీళ్లు తాగేది లేదు,
కొంచెం కొంచెంగా కొరికేదే
అని మా నాయన ఎగతాళి.
నాపరాతి గనిలో ముప్పై ఏండ్లు
గడ్డపార ఏసి బండ లేపినోడు మౌలాలి.
ఆయన కొడుకును నేను, హుసేనప్పను.
గీజర్లు బాగుచేస్తా.

నిన్న సుభద్ర టీచరమ్మ ఇంట్లో గీజరు అరిచింది.
చెంబులో గులకరాళ్లేసి
ఎవరో లోపల ఊపుతాన్నట్లు.
మూత విప్పితే కాయిల్ కనపడలా.
కాయిల్ ఉండాల్సిన జాగాలో
పిండికట్టు కట్టిన చెయ్యి మాదిరి
తెల్లగా, లావుగా ఒకటి ఉండాది.
"మొన్ననే కదా మార్చినావు?"
మొన్న కాదమ్మా, నాలుగేండ్లాయె.
అయినా నేను మార్చింది కాయిలే.
బోరును మార్చలా.
బోరు కింద రాయిని మార్చేటోడు
ఇంకా మా ఊరికి రాలా.

ఈ వీధిలో నేను విప్పని మిషన్ లేదు.
షవరు కన్నాలు పిన్నీసుతో పొడిచేది శనివారం పని.
వాషింగ్ మిషన్ జాలీ దులిపితే చారెడు తెల్లపొడి.
ఎంత సబ్బు రుద్దినా నురగ రాదు,
బకెట్ అంచుకు మాత్రం గార వస్తుంది.
రమీజాబీ కుక్కరు ఏడు కూతలేసినా
కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది.
ఆయమ్మ కోపం కుక్కరు మీద,
పప్పు మీద, పప్పమ్మిన అంగడోని మీద.
నీళ్ల మీద మాత్రం రాదు.
వచ్చినాయి, అదే పదివేలు అంటుంది.

నిమ్మఉప్పు కలిపి రాత్రంతా నానబెడతా.
యాసిడ్ పొయ్యమంటారు కొందరు, తొందర పడేటోళ్లు.
పొయ్యను.
దానికి రాయీ రాగీ రెండూ ఒకటే.

టీచరమ్మ కాయిల్‌ను సుత్తెతో మెల్లగా తట్టినా.
అరచెయ్యంత పెంకు ఊడొచ్చింది,
రెండుగా విరిగింది.
విరిగిన అంచున పొరలు.
లావుది, కూతురు కాన్పుకొచ్చినప్పటిది,
బాలింతకు పొద్దునా మాపునా వేణ్ణీళ్లు.
పచ్చగా ఉండేది బోరు ఎండిన ఎండాకాలం,
ట్యాంకరు నీళ్లు యాడివో ఎవరికి తెలుసు.
దాని మీద
వెంట్రుకంత తుప్పుగీత.
ఆ ఏడు గీజరు స్విచ్చి ఎవరూ వెయ్యలా.

బాత్రూము గోడకు సారు గడ్డం గీసుకునే అద్దం
అట్లే ఉండాది, చుక్కలు చుక్కలుగా.
నేను అడగలా.
ఆయమ్మ టీ ఇచ్చింది.
టీ మీద సన్నని తెట్టు,
పాల మీగడ కాదు అది.

విప్పేదానికి రెండు నూర్లు, కాయిల్ ఖర్చు వేరే.
మా నాయనకు బండకింత అని కూలి.
నాకు మాత్రం రాయికి ఎవరూ లెక్క కట్టరు,
సంచిలో ఏసుకోని ఇంటికి తెచ్చుకుంటా.

దీపాలు పెట్టే యాళకు సంచి దించితే
గని కాడి మేస్త్రీ మాదిరి అడుగుతాడు
మంచం మీద నుంచి:
"ఈ పొద్దు ఎన్ని బండలు?"

పెంకు చేతికిస్తా.
కండ్లు సరిగ్గా ఆనవు ఆయనకు.
నాలుక కొన తాకించి
కాసేపు అట్లే ఉంటాడు.
"మా గుంతదే. మూడో పొర.
సుత్తె పడితే గంట మాదిరి మోగేది.
దీన్ని లేపేటప్పుడే కదరా"
అని, చిటికెన వేలు లేని చేత్తో
అంచును తడుముతాడు.
విరిగిన చోటికి వచ్చినాక
చెయ్యి ఆగిపోతుంది.

"పగలకుండా లేపలేకపోతివా?"

నాలుగేండ్ల టీచరమ్మ నీళ్లను దుప్పటి మీద పెట్టి
నాలుక చప్పరిస్తాడు,
పాడుచేసిన సరుకును చూసినట్లు.