మూడు గంటల పెదవులు

ఏలినవారి మాటలు నాకు రెండు రోజుల ముందే వచ్చాయి,
తాళం వేసిన ఫైల్లో.
ఎవరికీ చెప్పనని సంతకం పెట్టి
ఆరువందల డెబ్భై మాటల్ని
తెర అడుగున పట్టే ముక్కలుగా కోశాను.
ముక్కకి రెండు వరుసలు, వరుసకి ముప్పై ఏడు అక్షరాలు.
'శాంతి' ఒక ముక్కలో పడింది,
'కావాలి' తర్వాతి ముక్కలోకి జారింది.
నా ఉద్యోగం అంతే. వినబడనివాళ్ళకి
వినబడినంత మేర రాసిపెట్టడం.

క్రిస్మస్ రోజు టాడ్‌మర్డెన్‌లో వాన.
కొండ మీంచి కాలవలోకి, కాలవలోంచి మా బూట్లలోకి.
హిల్డా ఆక్‌రాయిడ్ పెద్దమ్మ ఇంట్లో
టర్కీ ఎండిపోయింది, గ్రేవీ గడ్డకట్టింది.
క్రాకర్ గొట్టం లాగితే ఊడిపడ్డ కాగితం కిరీటం
ఆవిడ నెత్తిన ఓ పక్కకి ఒరిగి ఉంది, ఆకుపచ్చది.

ఎనభై తొమ్మిదేళ్ళు.
పదిహేనో ఏట మగ్గాల షెడ్డులో అడుగు పెట్టింది.
నాలుగొందల మగ్గాలు ఒక్కసారి దంచుతుంటే
పక్కన పిడుగు పడ్డా చీమ చిటుక్కుమన్నట్టుండేదట.
ఆడవాళ్ళంతా పెదవులతో మాట్లాడుకునేవారట,
గొంతు లేకుండా, నోరు సాగదీసి.
కబుర్లు, కాన్పులు, మేస్త్రీ మీద తిట్లు
ఆ చివర నుంచి ఈ చివరికి
దారం తెగకుండా నడిచేవి.
మగ్గాలు ఆగిపోయాయి.
చెవులు తిరిగి రాలేదు.

మూడైంది. గీతం మొదలైంది.
పెద్దమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడింది.
వాళ్ళ నాన్న రేడియో ముందు ఇలాగే నిలబడేవాడట,
టోపీ తీసి, గడ్డానికి గ్రేవీతోనే.
"రేడియోలోకి మనం కనబడం కదా నాన్నా" అంటే
"మనకి మనం కనబడతాం" అనేవాడట.

గదిలో ఏలినవారు ఇద్దరు.
టీవీలో ఒకరు, రూఫస్ ఫోనులో
నలభై సెకన్లు వెనకబడి ఇంకొకరు.
టీవీ కృతజ్ఞతలు చెబుతుంటే
ఫోను ఇంకా చలికాలం దగ్గరే ఉంది.
నేను మొహం చూడలేదు, నా అక్షరాలే చూశాను,
వడ్డించాక ఉప్పు గురించి బెంగపడే మనిషిలా.
ఒకచోట కామా ఆలస్యమైంది.
పెద్దమ్మ అసలు తెర అడుక్కి చూడనే లేదు.

ముగిసింది.
మూడుంపావుకి పన్నెండు సెకన్ల ముక్క.
ఇరవై నిమిషాలకి దాని వెనక డోలు.
మూడున్నరకి, ఎవరో చేసిన దొంగ గొంతుతో
ఏలినవారు పరుపులు అమ్ముతున్నారు.
రూఫస్ నవ్వి నవ్వి సోఫా మీంచి జారాడు.
నేనూ నవ్వాను, దాచడమెందుకు,
తగ్గింపు ధర కూడా ఎంతో చూశాను.

అప్పుడు అడిగింది పెద్దమ్మ:
"చివర్లో ఆ మాట రాయలేదేం నువ్వు?"
ఏ మాట?
"అయిపోయాక. పక్కకి తిరిగి అన్నారుగా."

వెనక్కి తిప్పాను.
తెర నల్లబడే ముందు ఒకటిన్నర సెకను.
వాయిద్యాలు లేచి గొంతుని కప్పేసిన చోట
పెదవులు కదిలాయి, నిజమే.
నాకైతే ఊపిరి తీసుకున్నట్టుంది.
ఫైల్లో లేదు, నేను కోసిన ముక్కల్లో లేదు,
పరుపుల వాడికీ దొరకలేదు.

"ఏమన్నారు?"

పెద్దమ్మ కాగితం కిరీటం సర్దుకుంది.
గొంతు వాడలేదు.
షెడ్డు అవతలి చివరనున్న మనిషికి చెప్పినట్టు
నోరు సాగదీసి, ఒక్కో అక్షరం
నా కళ్ళ ముందు ఆరేసింది:

బాగానే
వచ్చిందా?

టీవీలో అప్పటికి ఎవరో కేకు కోస్తున్నారు.
పెద్దమ్మ దానికేసి బొటనవేలు ఎత్తి చూపించింది,
కాసేపు అలాగే పట్టుకుంది,
తర్వాత, పుడ్డింగు ఏదని గట్టిగా అరిచింది.